వదిన చదివిన సీరియల్

ఎడిటరు ఫోన్ చేసి రెండు వారాల్లో సీరియల్ ముగించమన్నాడు. చివర ఎవరెవరు ఏమయ్యారో చెప్పే ఒక పేజీ ఎపిలోగ్ కూడా కావాలన్నాడు. "అన్ని ముళ్ళూ విప్పెయ్యండి సార్, పాఠకులు తిట్టుకోకూడదు" అని హితవు చెప్పాడు. ముళ్ళు వేసి బతికేవాణ్ణి విప్పమంటే చిరాకు రాదూ?

కథ తెలియనివాళ్ళకు చెబుతాను. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే అకౌంటెంటు మొదటి వారంలోనే మాయమవుతాడు. భార్య ఎదురుచూస్తుంటుంది, ఇన్‌స్పెక్టరు వెతుకుతుంటాడు. ఆరేళ్ళ క్రితం మా అన్నయ్య కూడా చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ కబురు లేదు. దానికీ దీనికీ సంబంధం లేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ వచ్చాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉండేది నా వరస.

అమ్మకు చూపు మందగించింది. పత్రిక వచ్చిన మధ్యాహ్నం వదిన ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని సీరియల్ చదివి వినిపిస్తుంది. ఆ సమయానికి నేను ఇంట్లో ఉండను. నా రాతలు ఇంకొకరి నోట వినాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ముగింపుకు ముందు వారం అకౌంటెంటును చంపేశాను. ఐస్ గదిలో బంగాళాదుంప బస్తాల వెనక శవం దొరుకుతుంది. బాగా కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ సంచిక వచ్చిన సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ బట్టలు మడతపెడుతోంది. ముఖం కళకళలాడుతోంది.

"బాగా రాశావురా. ఓడలో వంటవాడిగా చేరాడన్నమాట, వెధవ! ఇంకేం, నేడో రేపో వచ్చేస్తాడు."

నా కథలో ఓడ లేదు. ఆ మాటకొస్తే సముద్రమే లేదు.

వదిన రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మర్నాడు అక్కడికే వెళ్ళాను. గాజు గొట్టాలకు లేబుళ్ళు అంటిస్తోంది.

"వదినా, ఆ ఓడ ఎక్కడిది?"

ఆవిడ తలెత్తలేదు. "అతని చొక్కా కాలవలో దొరికిందని రాశావు చూడు, ఆ వారం. చదవబోతుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఏం చెయ్యమంటావు? చొక్కా ఇంకెవరిదోనని చదివాను. అక్కణ్ణించి నీ దారి నీది, నా దారి నాది."

"అంటే ఇన్నాళ్ళూ..."

"నువ్వు కొట్టేస్తావు, మళ్ళీ రాస్తావు. నేను అప్పటికప్పుడు అల్లాలి. మధ్యలో మర్చిపోకుండా పేజీలు తిప్పాలి కూడా."

నాకు కోపం వచ్చింది. అమ్మ ఇంతకాలం మెచ్చుకున్నది నా కథను కాదని తెలిస్తే ఎవరికి రాదు?

అప్పుడు వదిన అసలు సంగతి చెప్పింది. ల్యాబువాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తున్నారు. దాన్ని చూసుకోవడానికి ఆవిడను రమ్మన్నారు. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. అమ్మ దగ్గర ఒకసారి కదిపితే, "వాడొచ్చేసరికి నువ్వు లేకపోతే ఎలాగమ్మాయ్?" అందట.

"ఆయన ఉన్నాడో లేడో నాకు తెలీదు. నీకూ తెలీదు" అంది వదిన. "కానీ ఆ ఇంట్లో ఆయన్ని వారం వారం బతికిస్తున్నది నేను. ఇక నావల్ల కాదు. ఈసారి నువ్వు ఏం రాస్తే అదే చదువుతాను, అక్షరం మార్చను. వెనక్కి తీసుకొస్తే తీసుకురా, ఇక్కడే పడుంటాను. చంపితే చంపు."

ఎపిలోగ్‌కు కూర్చున్నాను. మొదట, అకౌంటెంటులాంటి మనిషి రైల్లో కనిపించాడని ఎవరో అన్నట్టు రాశాను. పామూ చావకుండా, కర్రా విరగకుండా. చదువుకుంటే నామీద నాకే అసహ్యం వేసింది. కొట్టేశాను. అకౌంటెంటు చచ్చిపోయిన మాట నిజమే. హంతకుడికి జైలు, ఇన్‌స్పెక్టరుకు ప్రమోషన్. కోల్డ్ స్టోరేజీ కుక్కను వాచ్‌మన్ ఇంటికి తీసుకెళ్ళాడు. భార్య తలుపుకు తాళం వేసి, వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. మళ్ళీ చదవకుండా పంపేశాను.

ఆ సంచిక వచ్చిన రోజు మొదటిసారిగా ఇంట్లో ఉన్నాను. గుమ్మంలో నిలబడి విన్నాను. వదిన గొంతు ఎక్కడా తడబడలేదు. నా వాక్యాలు నాకే మోటుగా వినిపించాయి.

"మరి ఓడ?" అంది అమ్మ.

"ఓడ నేను కల్పించింది అత్తయ్యా. మీ చిన్నబ్బాయి రాసింది ఇదే."

అమ్మ దుప్పటి అంచు సవరించుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఆ అకౌంటెంటుకి తల్లి లేదట్రా?"

అన్ని వారాలు రాశాను. భార్య ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, కుక్క ఉంది. తల్లి సంగతి నాకు తట్టనే లేదు.

"రాయలేదమ్మా."

"కుక్కకి కూడా ఓ దారి చూపించావు కదరా! తల్లి లేకుండా ఊడిపడ్డాడా వాడు?"

"అచ్చయిపోయింది. ఇక మార్చడానికి లేదు."

"అచ్చు సంగతి నాకెందుకు? ఆ పిల్ల కొత్త ఊళ్ళో ఒక్కతే అవస్థ పడుతుంటే తల్లి చూస్తూ కూర్చుంటుందా? తనూ వెళ్ళింది." వదిన చెయ్యి కోసం తడిమింది. "అమ్మాయ్, అక్కడ ఇల్లు మేడమీద తీసుకోకు. నేను మెట్లెక్కలేను."

వదిన భోరుమంది. అన్నయ్య వెళ్ళిపోయిన రోజు కూడా ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. నాకు చిన్నపిల్లాడిలా ఉక్రోషం ముంచుకొచ్చింది. "మరి నేను?" అన్నాను.

"నువ్వు ఇక్కడే ఉండాలిరా" అంది అమ్మ. "ఎప్పుడైనా వాడొస్తే తలుపు తీసేవాళ్ళుండాలి కదా."

వాళ్ళు వెళ్ళి చాలాకాలమైంది. సాయంత్రాలు నేను బయటికి వెళ్ళడం మానేశాను.