హూరియా మొదటి కెటె

పొద్దున్నే హూరియా హరకెకె అనే నారమొక్కల పొదల్లోంచి బయటి ఆకులు కోసుకొచ్చి, గోటితో సన్నగా చీల్చి, నలుపెక్కేలా సగం నల్లబురదలో నానేసేది. అల్లడం మాత్రం తల్లి రిరిపెటి పని. నలుపూ తెలుపూ మెట్లుమెట్లుగా పైకెక్కే ఆమె కెటె సంచుల కోసం ఆ తీరమంతా ఎదురుచూసేది. కూతురు అల్లితే మెట్లు మూడో వరసలోనే జారిపోయేవి.

"హూరియా సంచిలో చిలగడదుంపలు తెస్తే దారి పొడుగునా నాటుకుంటూ వచ్చినట్టే," అనేది పక్కింటి మాకరెటా. అందరూ నవ్వేవాళ్లు. హూరియా కూడా నవ్వేది, ఇంకేం చేస్తుంది? తల్లి ఒక్కతే నవ్వేది కాదు. ఆ మంచితనానికి హూరియా లోలోపల పొంగిపోయేది, పిచ్చిది.

ఆ ఊళ్లో ఎవరూ తాము అల్లిన మొదటి కెటెని ఇంట్లో ఉంచుకోరు. ఉంచుకుంటే అల్లినవాళ్ల వేళ్లు అందులోనే ఉండిపోతాయి, ఇక పనితనం ముందుకి సాగదు. హూరియా చిన్నప్పుడు అల్లిన మొదటిదాన్ని ఎవరో దూరపు బంధువుకి ఇచ్చేశానని తల్లి చెప్పింది.

రిరిపెటికి చూపు పూర్తిగా పోయిన ఏడాది, చలికి శాలువా కావాలంటే హూరియా ఆమె పెట్టె తెరిచింది. అడుగున ఓ చిన్న కెటె ఉంది. మూడో మెట్టు జారి ఉంది, తను అల్లిందే. ఇన్నేళ్లయినా ఆకుల పచ్చివాసన పోలేదు. చెయ్యి లోపల పెడితే చిన్నపిల్ల వేళ్లు ఆమె వేళ్లని గట్టిగా పట్టుకున్నాయి.

"ఎందుకు దాచావమ్మా?"

"ముద్దొచ్చింది," అంది రిరిపెటి. "నీ చేత్తో చేసింది. ఇవ్వబుద్ధి కాలేదు."

"నా జుట్టు నెరిసిపోయిందమ్మా."

"అల్లడానికి నేనున్నాగా. నీకేం తక్కువ చేశాను?"

ఆ మాటకి హూరియా ఒళ్లు మండిపోయింది. ముద్దొచ్చే దాచిందో, ఆ తీరంలో ఇంకో పేరు వినపడకూడదనే దాచిందో ఇక ఎప్పటికీ తేలదు. బ్రెడ్డు వ్యాను వస్తే ఎదురెళ్లి, ఆ చిన్న సంచిని డ్రైవరు ఒళ్లో పెట్టేసింది. వ్యాను మలుపు తిరిగేసరికి ఆమె వేళ్లు జివ్వుమన్నాయి.

వారం తిరక్కుండా కొత్త కెటె అల్లింది. అడుగు నుంచి అంచు దాకా మెట్లు ఎక్కడా జారలేదు. చూడ్డానికొచ్చిన మాకరెటా మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. అల్లిక చప్పుడు ఆగడం విని రిరిపెటి రెండు చేతులూ చాచింది.

"ఒక్కసారి తడిమి చూస్తానే తల్లీ. ఏ మెట్టు దాకా వచ్చావో."

హూరియా ఆ చేతుల పక్కనుంచే నడిచి వెళ్లి, కెటెని మాకరెటా భుజానికి తగిలించింది.

"ఇది నా మొదటిదమ్మా," అంది. "ఇంట్లో ఉంచుకోకూడదు కదా."