కాశమ్మ చుట్టిన మోటరు

జల్‌పల్లిలో కాశమ్మకు కూలిపని తప్ప వేరే ఆధారం లేదు. పంతొమ్మిది వందల ఎనభైలో వానలు మొహం చాటేసేసరికి ఆ కూలీ కూడా కరువైంది. అప్పుడే పల్లెల ఆడవాళ్లకు కాలిపోయిన కరెంటు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం నేర్పుతామని ఒక సంఘంవాళ్లు పట్నంలోని కార్వాన్‌లో కేంద్రం తెరిచారు. "ఆడోళ్లు కరెంటు ముట్టుడేంది?" అని ఊళ్లో వెక్కిరించారు. కాశమ్మ సద్ది కట్టుకుని బస్సెక్కింది. చార్మినార్ దగ్గర దిగి, లాడ్ బజార్ మీదుగా పురానాపూల్ దాటి నడిచిపోయేది.

నేర్పేది ఇశ్రాయేలు. సర్కారు ఫ్యాక్టరీలో మోటార్లు చుట్టి చుట్టి రిటైరైన మనిషి. మొదట్లో రాగితీగ కాశమ్మ చేతిలో మెలికలు పడేది. "తీగతోని కొట్లాడకమ్మా, దాన్ని పోనియ్యి" అనేవాడు. పోనుపోనూ ఆమె వేళ్లకు దాని పోకడ తెలిసొచ్చింది.

మరుసటి ఎండాకాలం ఒక పొద్దున ఆమె కేంద్రానికి పోతుంటే, దారిలో బాబురావు రిపేరు దుకాణం ముందు ఊరి రైతు మొగులయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. కాశమ్మ ఆయన తోటలో ఎన్నోసార్లు కలుపు తీసింది.

"ఏమైంది బాపు?"

"బాయి మోటర్ కాలింది బిడ్డా. దుకాణంల జాగలేదు, వారమైతదంటున్నడు. అప్పటిదాంక టమాట తోట బతుకుతదా?"

"నాకియ్యి. నేను చుడ్త."

మొగులయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "ఖరాబ్ చేస్తే?"

"ఇప్పుడేం మంచిగున్నదని ఖరాబ్ చేస్తనే?"

మొగులయ్యకు అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. మోటరును రిక్షాలో వేయించి కేంద్రానికి చేర్చాడు.

"నువ్వొప్పుకున్నవు, నువ్వే జెయ్యాలె. నేను చెయ్యి పెట్ట" అన్నాడు ఇశ్రాయేలు. కాశమ్మ మాడిన తీగంతా పీకి, తీగ కూర్చునే గాడులు శుభ్రం చేసి, కొత్త తీగ చుట్టింది. పైన పూసిన వార్నిష్ ఆరాక మర్నాడు మొగులయ్య ఎదుటే స్విచ్చి వేసింది. మోటరు గుర్రుమంది. తిరగలేదు.

మొగులయ్య మొహం మాడిపోయింది. కాశమ్మ ఇశ్రాయేలు వైపు చూస్తే ఆయన గోడకానుకుని నిలబడే ఉన్నాడు. అడిగితే చెప్పేవాడే. ఆమె అడగలేదు. కరెంటు తీసి, మూత విప్పి, ఒక్కో చుట్ట కొసనూ వేలితో పట్టుకుని చివరిదాకా వెతికింది. ఒకచోట వేలు ఆగింది.

"దొరికింది సారూ! ఈ చుట్టను ఉల్టా కలిపిన."

"నాకు చెప్తవేంది? సక్కగ జెయ్యి."

ఈసారి స్విచ్చి వేయగానే మోటరు హాయిగా తిరిగింది. మొగులయ్య సంతోషం పట్టలేక ఇశ్రాయేలును కావలించుకున్నాడు. "నన్నెందుకు? ఆమెకు దండం బెట్టు" అన్నాడాయన. ఆ సాయంత్రమే టమాట మడుల్లోకి నీళ్లు పారాయి.

ఆ కబురు బాబురావు చెవిన పడింది. శిక్షణ ముగిసిన రోజున తనే కేంద్రానికి వచ్చి, "నా దుకాణంల వచ్చి కూసో, పని మస్తున్నది" అన్నాడు.

"మా ఊళ్లెనే పెట్టుకుంటనన్నా. బాయిలన్నీ ఆడనే ఉన్నయి గదా. నీకు తీరని మోటార్లు పంపు, చుట్టి ఇస్త."

బాబురావు సరేనన్నాడు.

తన బావి పక్కనున్న గదిని మొగులయ్య ఖాళీ చేసి ఇచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మోటార్లు బండ్లమీద రాసాగాయి. ఒకనాడు ఇంటిపక్క రాజమణి గడప దగ్గర నిలబడి, "అక్కా, నాకొస్తదా ఇది?" అని అడిగింది.

కాశమ్మ జరిగి చోటిచ్చింది. "ఎందుకు రాదు? కూసో. ముందుగాల మాడిన తీగ ఎట్ల తీస్తరో చూడు."