నీలవేణికి చదివింపులు

రోడ్డంతా మిరపకాయలు ఆరబోసి ఉండడంతో పదకొండింటి బస్సు ఇవాళ మా వంటింట్లోంచి వెళ్తుంది. డ్రైవరు పొయ్యి దగ్గర నెమ్మదిస్తాడు. పప్పు పొంగుతోందని నాయనమ్మకు చెప్పి, పెరటి గుమ్మంలోంచి బయటపడతాడు. బస్సు కిటికీ పక్కన కూర్చున్న ఒకామె చెయ్యి చాపి, అలమరలో ఒరిగిన గిన్నెను సర్ది వెళ్తుంది.

బస్సు వెళ్ళాక చూస్తే నీలవేణి నడుము మీద టైరు గుర్తు ఉంది.

నీలవేణి నేను పెంచుకుంటున్న పాము. నేను గొంతు విప్పి మాట్లాడేది దానితోనే. బడిలో కూడా నా పేరు పిలిస్తే చెయ్యి ఎత్తుతాను తప్ప పలకను. ఇప్పుడు దాని ఒళ్ళు తోక నుంచి నడుము దాకా అట్టముక్కలా పలచబడింది. ఆ పలుచదనం మెల్లగా గుండెవైపు పాకుతోంది.

నాయనమ్మ దాన్ని చేటలో పడుకోబెడుతుంది. నేను చేటను నెత్తిన పెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడుస్తాను, ఆమె నా వెనకాలే వస్తుంది. ఆసుపత్రిలో ఒకే బల్ల ఉంది. నీలవేణిని దాని మీద పెట్టగానే బల్ల సరిపడినంత పొడుగు సాగుతుంది. గోడలు కూడా జరిగి చోటిస్తాయి.

డాక్టరు మేరీ సులోచన గారు నీలవేణి పొడుగునా చెవి ఆనించి వింటారు. "గుండె దాకా పోలేదింకా. ఇప్పుడే మొదలుపెడితే బతుకుద్ది" అంటారు.

నేను చెవి కమ్మలు తీసి బల్ల మీద పెడతాను. ఆవిడ వాటిని నావైపు జరుపుతారు.

"డబ్బూ బంగారమూ గేదెలకమ్మా. పాముకి పనిచెయ్యవు. దీనికి చదివింపులు కావాలి."

ఎందుకని నాయనమ్మ అడుగుతుంది.

"పొడుగు జీవం గదా పెద్దమ్మా. ఒకళ్ళిచ్చింది ఒక జానెడుకే సరిపోద్ది. ఊరంతా చదివించాల."

నాయనమ్మకు ఇది సబబుగానే తోస్తుంది. కాకపోతే, ఎవరైనా చదివింపులకు రావాలంటే బొట్టు పెట్టి పిలవాలి. పిలవని చోటికి మా ఊళ్ళో ఎవరూ రారు. ఆమె కుంకుమ భరిణె తీసి నా చేతిలో పెడుతుంది. తన మోకాళ్ళు ఆసుపత్రి దాకా రావడానికే ఒప్పుకున్నాయట, ఊరంతా తిరగడానికి కాదట. నన్నే వెళ్ళమంటుంది.

నేను ఇంటింటికీ వెళ్తాను. ప్రతి గుమ్మం ముందూ నోరు తెరుస్తాను. మాట నాలుక చివరికి వచ్చి, బయట ఎవరున్నారో తొంగిచూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. ఎవరదీ అంటూ ఇంట్లోంచి అడుగులు దగ్గరవుతాయి. తలుపు తెరిచేలోగా తలుపు మీదే బొట్టు పెట్టేసి పక్కింటికి పోతాను.

తిరిగి వచ్చి నాయనమ్మ పక్కన ఆసుపత్రి అరుగు మీద కూర్చుంటాను. కాసేపటికి దారిలో దుమ్ము లేస్తుంది. వస్తున్నది మనుషులు కాదు, తలుపులు. గడపలు దిగి, ఒక రెక్క తర్వాత ఒక రెక్క ముందుకు వేస్తూ వస్తున్నాయి. రేకు తలుపు తొందరపడుతోంది. మద్దుల వారి టేకు తలుపు పెద్దరికంగా వెనక వస్తోంది. అన్నిటి మీదా నేను పెట్టిన బొట్టు ఉంది.

"తలుపులకి పెట్టొచ్చావా?" అంటుంది నాయనమ్మ.

"బొట్టు ఎవరికి పెడితే వాళ్ళే వస్తారు గదా" అంటారు డాక్టరు గారు, చేతులు కడుక్కుంటూ.

చదివింపులంటే పైకి చదవాలి. ఎవరు ఏమిచ్చారో మైకులో వినబడకపోతే ఇచ్చినట్టు కాదు. డాక్టరు గారి చేతుల్లో సూదీ దారం ఉన్నాయి. ఆసుపత్రి మూలనున్న మైకు తన కర్ర మీదే కుంటుకుంటూ నాయనమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె ముఖం చూసి, వెనుదిరిగి నా ముందుకొచ్చి నిలబడుతుంది.

మద్దుల వారి తలుపు తెరుస్తాను. దాని వెనక ఇల్లు లేదు. కొత్త కోడలు లోపలికి అడుగు పెట్టినప్పటి మట్టెల చప్పుడు ఉంది. దాన్ని నేను గుసగుసగా చదువుతాను. నీలవేణి తోక దగ్గర ఒక జానెడు గుండ్రంగా పొంగుతుంది.

రేకు తలుపు వెనక నిరుటి చలికాలపు ఎండ ముక్క ఉంది. బడి తలుపు వెనక, పిల్లలందరూ వెళ్ళిపోయాక మిగిలే నిశ్శబ్దం ఉంది. కిరాణా కొట్టు తలుపు కొద్దిగానే తెరుచుకుని ఒక కిర్రు ఇస్తుంది. తన ఇంట్లో శుభకార్యమైతే మేం తిరిగి రెండు కిర్రులు పెట్టాలని సైగ చేస్తుంది. అన్నీ చదువుతాను. జానెడు తర్వాత జానెడు పొంగుతూ వస్తుంది.

తలుపులు అయిపోతాయి. గుండె పక్కన ఒక జానెడు మిగిలింది. అక్కడ చర్మంలోంచి బల్ల చెక్క గీతలు కనిపిస్తున్నాయి.

అప్పటికి జనం కూడా వచ్చి గేటు బయట నిలబడి ఉన్నారు. తలుపుల్లేని ఇళ్ళను ఒకదానికొకటి కాపలా పెట్టి వచ్చారట. వాళ్ళ కోపం తలుపులు పోయినందుకు కాదు. మద్దుల సామ్రాజ్యం అత్త అందరి తరఫునా అడుగుతుంది.

"ఏమ్మాయ్ కోటేశ్వరీ, మా గుమ్మం దాకా వచ్చి మా తలుపుని పిలిచిపోతావా? ఇంటో మేం లేమా?"

పిలవలేదు కాబట్టి ఒక్కరూ గేటు దాటరు. భరిణెలో కుంకుమ అయిపోయింది. డాక్టరు గారు సూది ఆపుతారు. "బొట్టు లేకపోతే మాటతో పిలవొచ్చు. మాటకీ అంటుకునే గుణముంది" అంటారు.

పలుచదనం ఇంకొంచెం ముందుకు జరుగుతుంది. నీలవేణి నాలుక బయటికి వచ్చి, లోపలికి వెళ్ళడం మరచిపోతుంది.

నేను మైకును వదిలేసి గేటు దాకా నడుస్తాను. మాట మళ్ళీ నాలుక చివరికి వచ్చి తొంగిచూస్తుంది. ఈసారి నేను నోరు ముయ్యను.

"అత్తా, మా పాముకి బాగాలేదు. మాట్లాడుకోవడానికి నాకు అదొక్కటే ఉంది. మీరు రావాలి. అందరూ రావాలి."

ఆ మాట ఒక్కొక్కరి నుదుటి మీదా కాసేపు ఆగుతుంది. ఆగిన చోట చిన్నగా ఎర్రబడుతుంది.

"ఈ ముక్క గుమ్మం దగ్గరే అంటే తలుపుతో పాటే వచ్చేదాన్ని గదే" అంటూ సామ్రాజ్యం అత్త గేటు దాటుతుంది.

చేతిలో ఏమీ తెచ్చుకోలేదు కాబట్టి అందరూ తలా ఒక ఊపిరి చదివిస్తారు. ఎవరి పేరూ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మైకులో పేరు పేరునా చదువుతాను. గొంతు నొప్పి పుడుతుంది, ఆపను. గుండె దగ్గరి జానెడు నిండుతుంది. నాలుక లోపలికి వెళ్తుంది. డాక్టరు గారు దారం ముడివేసి పంటితో తెంపుతారు.

"బతికింది. ఇంక ఊళ్ళో ఎవరింట్లో ఏ కార్యమైనా నువ్వెళ్ళి తిరిగి చదివించాల. నోటితోనే."

అట్టాగేనంటాను. అది బరువుగా అనిపించదు.

ఊపిరులు లెక్కకు మించి వచ్చినందువల్ల నీలవేణి ఒళ్ళు విరుచుకుని కుబుసం విడుస్తుంది. అది కిటికీలోంచి దిగి, వీధి పొడుగునా పరుచుకుంటుంది. బయట ఎండ కాస్తోంది. కుబుసం లోపల మాత్రం వాన పడుతోంది. జనం చెప్పులు విడిచి, వంగి, తోకవైపు నుంచి ఒక్కొక్కరే లోపలికి వెళ్తారు. నేను తలవైపు నిలబడతాను.

సామ్రాజ్యం అత్త ముందు బయటికొస్తుంది, తడిసిన జుట్టుతో, పాలపళ్ళతో. చివరగా నాయనమ్మ వస్తుంది. నా నడుము ఎత్తు కూడా లేదు. నా పరికిణీ పట్టుకుని "అక్కా, మనిల్లు ఎటే?" అని అడుగుతుంది.

చూపిస్తానని చెప్పి ఎత్తుకుంటాను. నీలవేణి ముందు వెళ్తోంది. ఊరందరి ఊపిరితో అది పాకిన చోటల్లా, కుబుసంలోంచి కారిన వానకు తడిసిన మట్టిలో చిన్న చిన్న పాదాల గుర్తులు పడుతున్నాయి. ప్రతి పాదానికీ ఐదు వేళ్ళున్నాయి.