గోడకవతలి నెట్టు

ముందురాత్రి పడుకోబోతుంటే కంప్యూటర్ అడిగింది, అప్‌డేట్ చేసి ఆపమంటావా అని. యమున సరేనంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! పొద్దున్న పదకొండింటికి డెమో క్లాసు పెట్టుకున్న మనిషి దాని జోలికి వెళ్తుందా? వెళ్ళింది. తెల్లారి మూత తెరిస్తే, వైఫై గుర్తు ఉండాల్సిన మూల భూగోళం బొమ్మ వెలవెలబోతూ కనిపించింది.

ఆ డెమో ఊరికే వచ్చింది కాదు. పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పించే కంపెనీలో టీచరు ఉద్యోగానికి పరీక్ష అది. మొదటిసారి క్లాసు మధ్యలో కరెంటు పోతే, బతిమాలగా బతిమాలగా ఇంకో అవకాశం ఇచ్చారు. ఇంకోటి ఉండదని ముందే చెప్పారు. ఇదీ తప్పితే మళ్ళీ ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాదు హాస్టల్లో పడాలి. ఆ బతుకు ఒక ఏడాది బతికి వచ్చింది. 

ఆపి మళ్ళీ వేసింది. విమానం బొమ్మ నొక్కి తీసింది. ఫోన్‌లోంచి నెట్టు పట్టబోయింది. ఆ ఊళ్ళో మేడెక్కితేగాని సిగ్నలుండదు. మేడ మీద కూడా తెరపై తన మొహమే నోరు తెరుచుకుని నిలిచిపోయింది. కిందికి దిగి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, పెరటి గోడకవతల గున్నమ్మ పిన్ని కనిపించింది. ఆరేసిన చీరనే మళ్ళీ ఆరేస్తూ ఇటే చూస్తోంది. తమాషా చూడ్డానికి వచ్చిందనుకుని యమున కిటికీ మూసేసింది.

శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచేసే దేవేంద్రకు ఫోన్ చేసింది. కాలేజీలో కలిసి చదువుకున్నవాడు.

"సెట్టింగుల్లోకి ఎళ్ళి నెట్‌వర్క్ రీసెట్ కొట్టీ," అన్నాడు. "పాస్‌వర్డ్ ఉన్నాది గదా?"

"ఉన్నాదిరా," అని కొట్టేసింది.

యంత్రం ఆగి లేచింది. వైఫై గుర్తు వచ్చింది! నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది యమునకు, ఆ పాస్‌వర్డ్ తనకు ఎన్నడూ తెలియదని. కంప్యూటర్‌కు తెలుసు. అదిప్పుడు అన్నీ మరిచిపోయి పసిపిల్లలా చూస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అసలు ఆ నెట్టు వీళ్ళది కాదు. గోడకవతల చిన్నాన్న తిరుమలరావుది. మాటలున్న రోజుల్లో ఆయన కొడుకు రమేష్‌బాబు పెట్టించి, అక్క కంప్యూటర్లో పాస్‌వర్డ్ తనే కొట్టి విశాఖ వెళ్ళిపోయాడు. తర్వాత అమ్మవారి పండగొచ్చింది. ఘటాలు ఎప్పుడూ ముందు అన్నగారి పెద్దింటి వాకిట్లో ఆగి, ఆపైన తమ్ముడి చిన్నింటికి పోతాయి. ఆ ఏడు మోసేవాడు పొరపాటున చిన్నింటి ముందు ఆగాడు. గున్నమ్మ ఆలోచించకుండా అతని కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసేసింది. యమున తల్లి లక్ష్మీనరసమ్మ నిండు చెంబుతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆ చెంబు అక్కడే బోర్లించి, ఈ ఇంటికీ ఆ ఇంటికీ ఇక నిప్పూ నీళ్ళూ లేవని ఊరందరి ముందూ అంది. అన్నదమ్ములిద్దరూ పొలం గట్టు మీద మాట్లాడుకుంటారో లేదో ఎవరూ అడగలేదు.

నిప్పు ఆగింది, నీళ్ళు ఆగాయి. నెట్టు మాత్రం గోడ దాటి వస్తూనే ఉంది. యమున దొంగలా నోరు మూసుకుంది. తల్లేమో అది కంప్యూటర్లోనే పుడుతుందనుకుంది.

"ఏటే, పొద్దున్నుంచి అలా గిరగిరా తిరుగుతన్నావు?" అంది లక్ష్మీనరసమ్మ.

దాచి లాభం లేదు. చెప్పేసింది.

తల్లి కంప్యూటర్ కేసి ఒకసారి చూసింది. "ఆళ్ళింటి ఉప్పురాయి ముట్టనన్నానే. ఇన్నాళ్ళూ ఆళ్ళదేటి మనింట్లో తిరుగుతన్నాది?"

"తర్వాత తిట్టమ్మా. అడగడానికి ఎళ్తన్నాను."

"ఎళ్తే ఎళ్ళు. నన్నడక్కు," అని లక్ష్మీనరసమ్మ గోడవైపు తిరిగింది.

యమున కంప్యూటర్ చంకన పెట్టుకుని చిన్నింటి గడప దగ్గర నిలబడింది.  ఏమని అడగాలి? ఇన్నాళ్ళూ దొంగిలించాను, ఇంకొక్క గంట దొంగిలించనీ అనా?

తిరుమలరావు ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. "ఒంట్లో బాగున్నాదేటే?"

"బాగున్నాను సిన్నాన్నా. ఏటి?"

"మా నెట్టు ఎవులెవులు వాడతన్నారో ఇందల సూపిస్తాది. నీ పేరు రోజూ పొద్దున్నే వస్తాది. గొడవైనప్పుడు రమేష్ తీసీమన్నాడు. నాను వద్దన్నాను. ఇయాల సూస్తే నీ పేరు లేదు. పిల్లకేటైనాదో సూడమని మీ పిన్నిని గోడ కాడికి పంపితే, అడగలేక వచ్చీసింది."

 పిన్ని మొహం మీద కిటికీ మూసిన చేతిని యమునకు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పాస్‌వర్డ్ ఆయనకూ తెలియదు. రమేష్‌బాబు ఫోనెత్తడం లేదు. "ఈ నెట్టు పెట్టె నుంచి వైరు గుచ్చితే వస్తాదంట," అని తిరుమలరావే బల్ల లాగి, వైరు చేతికిచ్చాడు. గుచ్చగానే వచ్చింది. పదకొండుకు అవతలి మేడం తెర మీదికి వచ్చింది. యమున భిన్నాలు మొదలుపెట్టింది.

సగం క్లాసులో బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. చార్జరు ఇంట్లోనే ఉండిపోయింది. కెమెరా ముందునుంచి లేవకూడదు, పక్కకు తిరిగి మాట్లాడకూడదు. నోరు లెక్క చెబుతోంది, కళ్ళు ఆ ఎర్రగుర్తు మీదే ఉన్నాయి.

గడప దగ్గర నీడ కదిలింది. చార్జరు రెండు చేతులా పట్టుకుని లక్ష్మీనరసమ్మ నిలబడి ఉంది. గదిలో ప్లగ్గుకు వేలాడుతుంటే చూసిందట. లోపల మూలన కూర్చున్న గున్నమ్మ గబుక్కున లేచింది.  లక్ష్మీనరసమ్మ కాలు ఎత్తి, ఒక్క క్షణం ఆగి, లోపల పెట్టింది.

"ప్లగ్గెక్కడే?" అంది గొంతు తగ్గించి.

గున్నమ్మ వంగి తనే పెట్టింది. యమున లెక్క తప్పకుండా చివరిదాకా చెప్పింది. సోమవారం నుంచి మొదలుపెట్టండి అని మేడం తెర మీంచి వెళ్ళిపోయింది.

అమ్మ ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుందనుకుని యమున వెనక్కి తిరిగింది. వెళ్ళలేదు. గోడకానుకుని కింద కూర్చుని, చెంగుతో మెడ తుడుచుకుంటోంది.

"గున్నమ్మా, దాహమేస్తన్నాది," అంది. "కాసిన్ని మంచినీళ్ళియ్యి."

గున్నమ్మ చెంబు నిండా తెచ్చింది. లక్ష్మీనరసమ్మ దించకుండా తాగింది.