చివరి పదహారు పేజీలు

నేను ఒక డిటెక్టివ్ నవలను. నూట అరవై పేజీలు, అట్ట మీద నెత్తుటి చుక్కలు, తలుపు చాటున ఒక ఆడమనిషి నీడ. నిజానికి లోపల కథలో ఎక్కడా నెత్తురు లేదు, ఉన్నదంతా విషమే. అట్ట బొమ్మ వేసినాయన నన్ను చదివిన పాపాన పోలేదు. అయినా ఆ బొమ్మ పుణ్యమా అని రామచంద్రపురం బస్టాండు పక్క అద్దె లైబ్రరీలో నాకు తీరిక ఉండేది కాదు.

నా కథ ఇది. ఒక మిల్లు యజమాని మిరియాల పాలు తాగి చచ్చిపోతాడు. ఆ పాలు తెచ్చింది కోడలు. నూట నలభై నాలుగో పేజీ దాకా చదివిన ప్రతివారూ ఆమే హంతకురాలని తేల్చేస్తారు. చంపింది కన్నకొడుకని చివరి పదహారు పేజీల్లో బయటపడుతుంది. జనం చేత కోడలిని అనుమానింపజేయడం ఎంత తేలికో నా రచయితకు బాగా తెలుసు. ఆ తెలివికి నేనూ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఊళ్లో ఒక అలవాటుంది. ఒకే నవల కోసం ఇద్దరు ఆగలేకపోతే కుట్టు విప్పి పంచుకుంటారు. ఇద్దరూ చదివాక మళ్లీ కుట్టి లైబ్రరీలో ఇచ్చేస్తారు. అలా నన్ను రిటైరైన గుమాస్తా వీరభద్రంగారు, పక్కింటి రాజ్యలక్ష్మిగారు పంచుకున్నారు. ఆవిడ ముందు చదివేసి, నూట నలభై నాలుగు పేజీలు ఆయనకిచ్చారు. మిగిలిన పదహారూ చేతిసంచిలో ఉన్న సంగతి మరిచిపోయి, చెల్లెలి పురిటికని విశాఖపట్నం బస్సెక్కేశారు.

వీరభద్రంగారికి విడవని దగ్గు. కోడలు మాణిక్యాంబ రోజూ సాయంత్రం మిరియాల పాలు తెచ్చి, ఆయన తాగేదాకా పక్కన కూర్చుని వీధి కబుర్లన్నీ చెప్పేది. ఆ రోజు ఆమె వచ్చేసరికి నేను ఆయన ఒళ్లో తెరిచి ఉన్నాను. గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయారు.

"ఇదేం వాసనమ్మా? ఏం కలిపేవు ఇందులో?"

"కాస్త అడుగంటేయండి, మావయ్యగారూ."

"అయితే నువ్వు తాగు ముందు. చూస్తాను."

ఆమె ఆయన మొహం చూసింది, నా అట్ట చూసింది. గ్లాసు అందుకుని, నిలబడే మొత్తం తాగేసింది.

మర్నాటి నుంచి రెండు గ్లాసులు తెచ్చేది. ఒకదానిలోంచి రెండోదానిలోకి సగం వంపి, తాను ముందు తాగి, తర్వాత ఆయనకిచ్చేది. కబుర్లు లేవు. ఆయన కూడా వద్దనలేదు. ఆమె తాగేదాకా ఆగి మరీ తాగేవారు.

మూడు వారాలకు రాజ్యలక్ష్మిగారు తిరిగొచ్చి, నొచ్చుకుంటూ నా పేజీలు ఇచ్చారు. వీరభద్రంగారు గోడ దగ్గర నిలబడే చదివేశారు. ఆ సాయంత్రం కోడలు రాగానే చేతులు జోడించినంత పని చేశారు.

"ఇంక నువ్వు ముందు తాగక్కర్లేదమ్మా. నాదే తప్పు. చంపింది కొడుకంట. పాపం, ఆ పిల్లకేం తెలీదు."

మాణిక్యాంబ గ్లాసులు రెండూ బల్ల మీద పెట్టింది.

"అదే, చివర్లో కోడలేనని ఉంటేనో, మావయ్యగారూ?"

ఆయన నన్ను మూసి, అట్ట బొమ్మ కనబడకుండా బల్ల మీద బోర్లా పెట్టారు.

వీరభద్రంగారు నన్ను తిరిగి లైబ్రరీకి ఇవ్వలేదు. దబ్బనంతో గట్టిగా కుట్టి, ఎవరికీ అందకుండా అటక మీద పెట్టారు. కింద వసారాలో జరిగేది ఇక్కడికి వినిపిస్తూనే ఉంటుంది. ఆయన రోజూ వద్దమ్మా అంటారు. ఆమె రోజూ రెండు గ్లాసులే తెస్తుంది.