పునాది బంగారం

వెంకటగిరికోట దాటాక ఒక బీడులో తెల్లటి పలుగురాయి చార పోతుంది. అందులో బంగారం, వెండి ఉన్నాయేమో చూడమని కంపెనీ నన్ను పంపింది. జియాలజీ చదువయ్యాక నా మొదటి ఉద్యోగం. ఎన్ని రాళ్ళు కొట్టి పంపినా ల్యాబు నుంచి ఒకటే మాట, లేదు. రాయికి కూడా నేనంటే లోకువే.

“ఈ గుంతలో కూడా లేకపోతే క్యాంపు ఎత్తేద్దాం నందినీ,” అన్నారు మా పై అధికారి రాజేంద్ర సార్, కొత్తగా తవ్విన గుంత చూపించి. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ మదనపల్లె పోయి ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

మర్నాడు పొద్దున గుంతలో దిగి, పలుగురాయి మొదట్లో మట్టి తుడుస్తుంటే పచ్చగా మెరిసింది. సూదితో గుచ్చితే పొడి రాలకుండా మెత్తగా గుంట పడింది. అసలు బంగారమే! పక్కనే వెండి కూడా. సార్‌కు ఫోన్ చేసి గొంతు చించుకున్నాను. ఆయన కుప్పంలో స్వీట్లు కొనుక్కుని బయల్దేరారు.

ఇంతలో మాకు వంట చేసే మునియమ్మ టిఫిన్ తెచ్చింది.

“కనపడిందా అమ్మా? రాత్రి నేనే పెడితిని.”

“ఏం పెట్టావక్కా?”

“యాల అట్ల సూస్తావు? ఇంటికి పునాది తీస్తే బంగారం, ఎండి రవ్వంత ఎయ్యరా? ఇంత గుంత తవ్వి పూజ ల్యాకుంటే ఎట్ల? నా పాత కమ్మలో తునక, మెట్టెలో ముక్క ఏసి టెంకాయ కొట్టినా.”

కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. సార్ వచ్చాక చెప్పక తప్పలేదు. ఆయన స్వీట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

“బయటి బంగారం కలిశాక ఈ గుంత రాళ్ళను ఇక నమ్మలేం. చార వెంట పైకి పోయి ఇంకొకటి తవ్వు. అదే ఆఖరు.”

తునకలు తిరిగిస్తే మునియమ్మ పుచ్చుకోలేదు. భూమికిచ్చింది తీసుకోరాదట. అక్కడే పూడ్చేశాం. కొత్త గుంత దగ్గరకు పసుపు, కుంకుమ రాకుండా నేనే కాపలా కాశాను. ఆమె మూతి ముడుచుకుని తిరిగింది.

కొత్త గుంత రాళ్ళకు ల్యాబు రిపోర్టు వచ్చింది. బంగారం కొంచెం, వెండి బాగానే. డ్రిల్లింగు చేద్దామన్నారు సార్. ఎగురుకుంటూ వంటపాకకు పరిగెత్తాను. మునియమ్మ సంగటి కెలుకుతూ సరేనంది, అంతే.

“బంగారం పడిందంటే సంతోషం లేదా అక్కా?”

“బంగారంతో నాకేం పనమ్మా? క్యాంపు ఎత్తేస్తామని ఆయప్ప అంటాంటే నా చెవులారా ఇంటిని. నువ్వు ఈడనే ఉండాలని మొక్కుకుంటి. పోవు గదా?”

“పోనక్కా,” అన్నాను. ఆమె పక్కనే కూలబడ్డాను.