దొర ఎక్కని పెట్టె

"ధొరొ" అన్నారు మా ఆయన, హెల్మెట్టు నా చేతిలో పెడుతూ.

ఒడియాలో ఆ మాటకి పట్టుకో అని అర్థం. గోసాని నువాగాంలో మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే. చేతికేదైనా ఇచ్చేటప్పుడు మాత్రం ఎందుకో అందరి నోటా ఒడియా వస్తుంది. తడి తువ్వాలు, ధొరొ. అత్తగారి మందుల డబ్బా, ధొరొ. మా అబ్బాయి పింటుగాడు ముక్కు తుడుచుకున్న రుమాలు, ధొరొ. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో నా చేతులు ఖాళీగా ఉన్నది బళ్ళో పాఠం చెప్పేటప్పుడే అనుకుంటాను. అప్పుడూ సుద్దముక్క ఉంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆర్యపల్లిలో, మా పుట్టింటి ఊళ్ళో, గంగమ్మ యాత్రకి, అంటే జాతరకి, వచ్చాం. పెళ్ళయ్యాక యాత్ర రోజుల్లో రావడం ఇదే మొదలు. ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈసారి మా అమ్మాయి రింకి పట్టుబట్టింది, తొమ్మిదేళ్ళ పిల్ల పంతం నా మాట కంటే గట్టిది. నా భుజాన సంచి. అందులో నీళ్ళ సీసా, పింటుగాడికి మారు నిక్కరు, అత్తగారికి కొన్న ప్రసాదం, వీటన్నిటి కింద నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. ప్రమోషన్ మీద చికిటి హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా నేను మర్నాడు చేరాలి, లేదా వద్దని రాసిచ్చెయ్యాలి. సంచిలో ఉన్నది ఆ వద్దన్న కాగితమే, మా ఆయనే టైపు చేయించి తెచ్చారు. 'కుటుంబ కారణాల వల్ల' అని మొదలవుతుంది. సంతకం ఒక్కటే నాది.

"ఏడింటి బస్సుకి నువ్వెల్లిపోతే నాకు టిఫినెవలు పెడతారే?" అని మా అత్తగారు అప్పలనర్సమ్మ మూడు రోజులుగా గోడకి చెబుతున్నట్టు చెబుతున్నారు. మా ఆయన కోప్పడరు, నవ్విస్తారు. "ఇంట్లో హెడ్మిస్ట్రెస్సువి నువ్వే కదేటి? మళ్ళీ చికిటి ఎందుకు?" అన్నారు. చుట్టాల ముందు అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. చదువుకుంటే నవ్వవలసిన చోట నవ్వక్కర్లేదని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

మా అమ్మ ముత్యాలమ్మ ఇసకలో ఎదురొచ్చింది. పిల్లలిద్దర్నీ వాసన చూసి, నన్ను కిందనుంచి పైకి చూసింది. "ఏటే తులసీ, సంచి మొయ్యడానికొచ్చినావేటి యాత్రకి?"

రంగులరాట్నం అక్కడే ఉంది, అదే చోట, సముద్రానికి వీపు పెట్టి. ఇప్పుడు ఇనపది, మోటారుతో తిరుగుతుంది. నా ఏడేళ్ళప్పుడు కర్రది, నాలుగు పెట్టెలు, మనిషి చేత్తో తోసేవాడు. ఎండు చేపల వాసన మీద బెల్లంపాకం వాసన వచ్చి పడుతోంటే, మైకులో పాట కింద అలల చప్పుడు వినబడుతోంటే, నేను నడుస్తున్నది ఈ ఏడాది ఇసకలోనో ఆ ఏడాది ఇసకలోనో తెలియలేదు. ఆ రోజు అమ్మ నన్ను ఎత్తి పెట్టెలో కూర్చోబెట్టింది. మా వీధిలో ఎవరికీ ఒడియా సరిగ్గా రాదు, నేనింకా బళ్ళో చేరలేదు. తోసేవాడు నా వైపు చూసి "ధొరొ! ధొరొ!" అని అరిచాడు. అడ్డకర్ర పట్టుకోమంటున్నాడు పాపం. నాకు 'దొర, దొర' అని వినబడింది. చేపలు కొనడానికి వచ్చే షావుకారిని మేం దొర అనేవాళ్ళం. ఆయన వస్తే మా నాన్న మంచం మీంచి లేచి నిలబడేవాడు. అందుకని నేను గబగబా పెట్టె దిగిపోయాను. రాట్నం తిరిగింది. నా పెట్టె ఖాళీగా పైకి వెళ్ళింది, కిందకి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఏ దొరా రాలేదు. అది మా ఇంట్లో కథ అయిపోయింది, తర్వాత అత్తింట్లో కూడా. ఇప్పటికీ ఎవరైనా వస్తే మా ఆయన చెప్పి నవ్విస్తారు.

"ఆయాల అందరితోపాటు నానూ నవ్వినాను గానీ," అంది అమ్మ, నేను రాట్నం వైపే చూస్తుంటే. "నానైనా అలగే దిగిపోదునే."

మా వంతు వచ్చింది. మా ఆయన చెప్పులు విడిచారు. "పిల్లల్తో నేనెక్కుతాను. నువ్వు కిందుండి సామాన్లు సూసుకో. ఇదిగో ఫోను, ధొరొ."

నా చెయ్యి అలవాటుగా లేచింది. లేచిన చెయ్యి ఫోను అందుకోలేదు. భుజం మీంచి సంచి తీసింది, రెండో చేతిలోని హెల్మెట్టు తీసింది, రెండూ ఆయన మీద పెట్టింది.

"ధొరొ" అన్నాను.

ఆయన పట్టుకున్నారు. ఆ మాట వింటే చేతులు వాటంతటవే ముందుకొస్తాయి కాబోలు, అందరివీ.

పెట్టెలో రింకి ఒక పక్క, పింటు ఒక పక్క. రాట్నంవాడు "ధొరొ, మా, ధొరొ!" అని, పట్టుకో అమ్మా అని అరిచాడు. రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాను. నేల మెల్లగా జారింది. పడవలు, వలలు, ఇసక మీద ఎండుతున్న చేపల వెండి మెరుపు, ఆ వెనక సముద్రమంతా ఒక్కసారి నా ఒళ్ళోకి వచ్చినట్టయింది. మా ముందు పెట్టె ఖాళీ. అది మా కంటే ముందు పైకి ఎక్కి, కిందకి దిగి, ఎవరి కోసమూ ఆగనట్టు మళ్ళీ ఎక్కుతోంది. చికిటిలో హెడ్మిస్ట్రెస్ కుర్చీ గుర్తొచ్చింది. నేను దిగిపోతే దాంట్లోకీ ఏ దొరా రాడు. ప్రార్థనలో నిలబడ్డ పిల్లలు ఆ ఖాళీని చూస్తారు.

"అమ్మా, నాన్న సూడు, ఎంత సిన్నగున్నారో!" అంది రింకి. కింద మా ఆయన, చంకలో హెల్మెట్టు, భుజాన నా సంచి. పక్కన అమ్మ, కొంగు అడ్డం పెట్టుకుని పైకే చూస్తోంది.

రాట్నం ఆగింది. ఆయన సంచి అందించబోయారు. "అయిందా మురిపెం? ఇదిగో, ధొరొ."

"దాంట్లో మీరు టైపు చేయించిన కాగితం ఉందండీ," అన్నాను. "అది మీరే పట్టుకోండి. రేపు నేను ఏడింటి బస్సుకి వెళ్తాను."

నా అరచేతులకి ఇంకా కమ్మీ తుప్పు వాసన. కడుక్కోవాలనిపించలేదు.